బాండికూట్ పుట్టిల్లు

భీమడోలు చుట్టుపక్కల చేలల్లో ఎలుకలు పట్టాలంటే ఇమ్మానుయేలే రావాలి. వరి పొట్టకొచ్చే వేళకి రైతులు అతనికి కబురు మీద కబురు పెడతారు. కన్నం ముందు పోసిన మట్టి చూసి, లోపలున్నది ఎలుకో పందికొక్కో తేల్చేస్తాడు. వెదురు బుట్ట ఎక్కడ పెట్టాలో అతనికి ఒకరు చెప్పక్కర్లేదు. ముప్పయ్యేళ్ళుగా అదే పని. ఆ పనితోనే కూతురు జాయ్సీని తొమ్మిదో తరగతి దాకా తీసుకొచ్చాడు.

ఆ జాయ్సీయే, తండ్రిని బడి వైపు రావద్దంది. "ఎలుకలోడి కూతురు" అని పిల్లలు నవ్వుతారట. నేను వాళ్ళ ఇంగ్లీషు టీచర్ని. ఆ మాట చెవిన పడ్డ రోజు నాకు ఒళ్ళు మండిపోయింది. జాయ్సీ మీద కాదు, నవ్వినవాళ్ళ మీద.

అందుకే పోటీ పెట్టించాను. ఒక ఇంగ్లీషు మాట తీసుకుని దాని అర్థం, వాడుక, పుట్టుక చెప్పాలి. జాయ్సీకి డిక్షనరీలో బాండికూట్ ఉన్న పేజీ నేనే తీసి చూపించాను. మన పందికొక్కే ఇంగ్లీషువాళ్ళ నోట పడి అలా అయిందని చదివి, పిల్ల కళ్ళు ఇంతలేసి చేసుకుంది. ఆమెకి చెప్పకుండా, పోటీకి రమ్మని ఇమ్మానుయేలుకీ కబురు చేశాను.

పోటీనాడు జాయ్సీ తడబడకుండా మాట్లాడింది. తాడేపల్లిగూడెం నుంచి వచ్చిన జడ్జి ఫణికిరణ్ గారు అడ్డు తగిలారు.

"బాండికూట్ అంటే ఆస్ట్రేలియా జంతువు కదమ్మా?"

"దానికి ఆ పేరు తర్వాత పెట్టారండీ. ముందు మన పందికొక్కుదేనండీ."

"బాగుంది. మరి కొక్కుకి ముందు పంది ఎందుకొచ్చింది?"

అది మా డిక్షనరీలో లేదు. నాకూ తెలీదు. హాలు తలుపు దగ్గర ఇమ్మానుయేలు, చర్చికి వేసుకునే చొక్కాలో నిలబడి ఉన్నాడు. నోరు తెరవబోయి, కూతురి ముఖం చూసి ఆగిపోయాడు. తెలీదండీ అని ఒక్క మాట అనేసి జాయ్సీ దిగిపోవచ్చు.

జాయ్సీ మైకు గట్టిగా పట్టుకుంది.

"మా నాన్నగారికి తెలుసండీ. ఆయన చేలల్లో ఎలుకలు, పందికొక్కులు పడతారు. అదిగో, ఆ తలుపు దగ్గరున్నారు."

ఒక్కరూ నవ్వలేదు.

"కోపమొస్తే పందిలాగే గుర్రుమంటాదండీ," అన్నాడు ఇమ్మానుయేలు. "కన్నం తవ్వినోడికి తెలుస్తాదండీ."

"ఇలా స్టేజీ మీదికొచ్చి చెప్పండి," అన్నారు ఫణికిరణ్ గారు, కుర్చీలోంచి లేచి.

ఇమ్మానుయేలు వంగి చెప్పులు విప్పబోయాడు.

"వేసుకునే రా నాన్నా," అంది జాయ్సీ మైకులో.