మేనేజరమ్మ చొక్కా

జుట్టు సగం నెరిసినా ఆ పాడి ఫారంలో ఆమె ఇంకా అమ్మాయిగారే. అమ్మగారంటే ఆమె తల్లి, ఆవుల్ని ఒక్కొక్కటిగా కూడబెట్టి ఫారం నిలబెట్టిన మనిషి. చూపు మందగించాక తల్లి పెత్తనం కూతురికి అప్పగించి, పట్నంలో ఆమె ఇంటికే వచ్చేసింది. కూతురు అక్కణ్ణించే ఫోన్లో ఫారం నడుపుతోంది. అక్కడే ఉండి అన్నీ చూసుకునేది మేనేజరమ్మ.

ఆ మేనేజరమ్మంటే అమ్మాయిగారికి ఒళ్ళుమంట. పని చెడగొడితే తిట్టి పంపేయొచ్చు, చెడగొట్టదే! పైగా వాగుడుకాయ. ఆదివారం తల్లిని తీసుకొస్తే, కారు దిగీదిగగానే ఆవిడ అడిగే మాట ఒక్కటే: "నా బంగారం ఏదే?" ఆ బంగారం, అంటే మేనేజరమ్మే, వచ్చి చెయ్యి పట్టుకుని తీసుకుపోతుంది. ఇద్దరూ పాకలో కూర్చుని పకపకా నవ్వుకుంటారు. కన్నకూతురేమో తాళాలు పట్టుకుని డ్రైవరులా నిలబడాలి. తనని ఏనాడైనా బంగారం అందా తల్లి? అసూయంటే అసూయే, దాచడమెందుకు. ఒక్కసారి ఆ మాట తననీ అనాలి, అంతే ఆమె పంతం.

ఒక ఆదివారం, తనే పాలు పితికి మెప్పిద్దామని, తల్లికి చెప్పకుండా మేనేజరమ్మకి బలవంతాన సెలవిచ్చింది.

"ఎర్రావు కొత్త చెయ్యి పడితే చేపదండీ," అని నసిగింది మేనేజరమ్మ.

"అది నాకొదిలెయ్. ఒక్కపూట నేను చూసుకోలేనా?"

ఎర్రావు నిజంగానే చేపలేదు. పొదుగు నిండా పాలున్నా చుక్క దించకుండా బకెట్టు తన్నేసింది. పనివాళ్ళు మొహాలు తిప్పుకుని నవ్వుకున్నారు. పౌరుషం చంపుకుని అమ్మాయిగారు మేకుకి వేలాడుతున్న మేనేజరమ్మ చొక్కా తొడుక్కుంది. దాని నిండా పేడా, దాణా వాసన. ఆవు మూతి చాచి వాసన చూసి నెమ్మదించింది. పాలు ధారకట్టాయి.

అప్పుడే తల్లి గోడ తడుముకుంటూ వెనకనించి వచ్చింది. ఆ మసక చూపుకి చొక్కా ఒక్కటే ఆనినట్టుంది, తలమీద చెయ్యి వేసింది.

"బంగారం, మా అమ్మాయి కసురుకుంటే మనసులో పెట్టుకోకే. దానికి నేనంటే ప్రాణం. చిన్నప్పుడు పాలు పితికేవేళ కొంగు పట్టుకుని ఏడిస్తే విదిలించేసేదాన్ని. నీమీద చూపించే ముద్దంతా దానికి చెందాల్సిందే. ఇప్పుడు దగ్గరికి తీసుకుందామంటే మొహం చెల్లట్లేదు."

చెయ్యి జుట్టు నిమురుతూనే ఉంది. తనెవరో తెలిస్తే ఆ చెయ్యి ఆగిపోతుందని అమ్మాయిగారి భయం. పొదుగు ఖాళీ అయినా పితుకుతూనే కూర్చుంది.