ఒలికిన అరగ్లాసు ఆయిలు

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఎక్కువ గారాబం జరిగింది నాకు కాదు, మా నాన్న మోటారు సైకిలుకి. అరవైల మొదట్లో మాట. జగ్గయ్యపేటలో అప్పటికి మోటారు సైకిళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే ఉండేవి. మా నాన్న పశువుల డాక్టరు. చుట్టుపక్కల ఊళ్లకి డొంకల్లో, చేల గట్ల వెంట తిరగాలి. మామూలు సైకిలు మీద బయల్దేరితే ఒక్క ఊరు చూసేసరికే పొద్దుగూకేది. అందుకని బెజవాడలో ఎవరో వాడి అమ్మేసిన బండి ఒకటి కొన్నారు. అది ఇంటికొచ్చిన రోజు మా నాయనమ్మ దానికి పసుపు రాసి, బొట్టు పెట్టి, నా వైపు తిరిగి "దాని జోలికి పోయావంటే వీపు చీరేస్తా" అంది.

దాని జోలికి నన్ను పంపింది మాత్రం మా నాన్నే. ఆ రకం బండికి ఇంజనాయిలు విడిగా పొయ్యరు. పెట్రోల్లోనే కలిపి పోస్తారు. లోపల పిస్టను ఎండిపోకుండా కాపాడేది ఆ కలిపిన ఆయిలే. నాన్న ఒక సత్తు గ్లాసుకి గీత గీసి ఇచ్చారు. డబ్బాడు పెట్రోలుకి గీత దాకా ఒక గ్లాసు ఆయిలు పోసి, మూత బిగించి, బాగా కుదిపి, గరాటు పెట్టి ట్యాంకులో పొయ్యాలి. పదకొండేళ్ల పిల్లని నేను. మా వీధిలో ఏ మగపిల్లాడికీ లేని పెత్తనం అది. బళ్లో కూడా నా వేళ్లకి పెట్రోలు వాసన వస్తుంటే గొప్పగా ఉండేది.

కొన్నాళ్లకి బండి బాగా పొగ వదలడం, ఎత్తెక్కలేక మూలగడం మొదలుపెట్టింది. బస్టాండు వెనక లారీల షెడ్డు నడిపే మేస్త్రి ఒకాయన మా వీధిలోనే ఉండేవారు. పొట్టి మనిషి, ఒక చెవి సరిగ్గా వినపడదు. ఆదివారం చర్చిలో డోలు ఆయనే వాయించేవారు. పిల్లలందరికీ ఆయన మేస్త్రి మామయ్య. ఆయన ఇంజను విప్పి చూసి, సిలిండరు అరిగిపోయిందనీ, దాన్ని బెజవాడ తీసుకెళ్లి లోపలి గోడ తొలిపించి, అంటే బోరు కొట్టించి, దానికి తగ్గ కొత్త పిస్టను వెయ్యాలనీ అన్నారు. శనివారానికి ఇస్తానన్నారు.

నాన్నకి అంత ఓపిక లేదు. తొలకరి దగ్గరపడింది. వానలు పడేలోపల పెనుగంచిప్రోలు వైపు ఊళ్లలో గొడ్లకి గొంతువాపు టీకాలు వెయ్యాలి. ఆ జబ్బు తగిలితే పొద్దున మేత మేసిన గేదె సాయంత్రానికి ఉండదు. ఒక గేదె పోతే ఒక ఇల్లు కూలినట్టే ఆ రోజుల్లో. నాన్న రోజుకి రెండుసార్లు షెడ్డుకి వెళ్లి నిలబడేవారు. చివరికి గురువారం సాయంత్రమే బండి ఇంటికొచ్చింది. మేస్త్రి మామయ్య దాన్ని అప్పగిస్తూ, "వంద మైళ్లు దాటేదాకా మెల్లగా నడపండి డాక్టరుగారండి. మామూలుగా గ్లాసు ఆయిలు పోస్తారుగా, కొత్త పిస్టను గనక ఇప్పుడు గ్లాసున్నర పొయ్యండి" అని ఒకటికి రెండుసార్లు చెప్పి వెళ్లారు.

మర్నాడు పొద్దున నాన్న లోపల టీకా మందులు సర్దుకుంటుంటే నేను పెరట్లో ఆయిలు కలపడానికి కూర్చున్నాను. ఒక గ్లాసు పోశాను. తర్వాత అరగ్లాసు కొలిచి పట్టుకున్నాను. దూడ తాడు కాలికి తగిలిందో, నేనే తూలానో, గ్లాసు జారి ఆయిలంతా నేలపాలయింది. ఆయిలు డబ్బాలో ఇంక చుక్క లేదు. వెళ్లి చెప్తే నాన్న ఊరుకునేవారేమో, నాయనమ్మ ఊరుకోదు. అన్నిటికీ మించి, ఆ పెత్తనం నా చేతుల్లోంచి పోతుందని భయం. పొయ్యిలోంచి బూడిద తెచ్చి ఆ మరక మీద చల్లి కాలితో రుద్దాను. పెట్రోలు డబ్బా కుదిపి, ట్యాంకులో పోసేశాను. రోజూ గేటు దాకా వెళ్లి చెయ్యి ఊపేదాన్ని. ఆ రోజు మాత్రం బండి చప్పుడు వీధి మలుపు తిరిగేదాకా పెరట్లోనే ఉండిపోయాను.

మధ్యాహ్నం భోజనాల వేళకి చిల్లకల్లు వైపు నుంచి ఒక రెండెడ్ల బండి వచ్చి మా ఇంటి ముందు ఆగింది. గడ్డి మీద మా నాన్న పడుకుని ఉన్నారు. పక్కన తాళ్లతో కట్టేసిన మోటారు సైకిలు. నాన్న చొక్కా చినిగి, మొహం సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది. బండి తోలుకొచ్చిన రైతు చెప్పాడు, చిల్లకల్లు దాటాక తిన్నటి రోడ్డు మీద పోతూ పోతూ ఇంజను ఒక్కసారి కీచుమని ఆగిపోయిందట. వెనక చక్రం తిరగడం మానేసి ఈడ్చుకుపోయి, నాన్న రోడ్డు పక్క కంకర మీద పడ్డారు. భుజం దగ్గర ఎముక విరిగిందని డాక్టరొచ్చి కట్టు కట్టారు. నాన్న పళ్లు బిగబట్టుకుని కూర్చున్నారు గానీ ఒక్క కేక కూడా వెయ్యలేదు. వేసినా బాగుండేదనిపించింది నాకు.

కబురు తెలిసి మేస్త్రి మామయ్య చేతుల జిడ్డు కూడా కడుక్కోకుండా పరుగెత్తుకొచ్చారు. అప్పటికే అరుగు మీద నలుగురు చేరారు. మా నాయనమ్మ ఆయన్ని చూడగానే అందుకుంది. లారీలు బాగుచేసేవాడికి బండి ఇస్తే ఇంకేమవుతుంది, నా కొడుకుని చంపేసేవాడివే అని దండకం చదివింది. నాన్నని చూడ్డానికొచ్చిన రైసు మిల్లు ఆసామి ఒకాయన, తన లారీలన్నీ ఆ షెడ్డుకే పంపేవాడు, ఆయన కూడా తల అడ్డంగా ఊపాడు. మేస్త్రి మామయ్య నేరుగా వాకిట్లోకి దిగారు. బండి దగ్గర గొంతుక్కూర్చుని కిక్కు మీద అరచెయ్యి పెట్టి మెల్లగా నొక్కి చూశారు. అది కదల్లేదు. లోపల పిస్టను బిగుసుకుపోయి ఇంజను పట్టేసింది.

ఆయన వంచిన మెడ చూస్తూ ఉండలేకపోయాను. స్తంభం చాటు నుంచి వచ్చి, "నావల్లే. ఆయిలు ఒలికిపోయింది. చెప్పలేదు" అన్నాను.

నాన్న నా వైపు చూశారు. ఆ చూపులో కోపం లేదు, ఆశ్చర్యం ఉంది. అదే ఎక్కువ గుచ్చుకుంది. నాయనమ్మ నా జడ పట్టుకుంది. మిల్లు ఆసామి, "ఇంకేం, తేలిపోయిందిగా! ఆయిలు లేకపోతే ఏ ఇంజనైనా పట్టేస్తుంది. పాపం, ఊరికే మేస్త్రిని అనుకున్నాం" అన్నాడు. అరుగు మీద వాళ్లంతా అవునవునన్నారు. ఆ క్షణంలో మేస్త్రి మామయ్య చేతులు దులుపుకుని లేచి వెళ్లిపోయినా ఎవరూ ఏమీ అనేవారు కాదు.

ఆయన లేచారు గానీ వెళ్లలేదు. "పెద్దమ్మగారండి, ముందు పిల్లని వదలండి. విప్పి చూడందే ఎవరం మాత్రం ఏం చెప్పగలం?" అన్నారు. తర్వాత నా ముందుకొచ్చి, మంచి చెవి నా వైపు తిప్పి, ఎంత పోశానో, ఎంత ఒలికిందో నింపాదిగా అడిగారు. ఒక గ్లాసు పోశాననీ, ఒలికింది తర్వాతి అరగ్లాసనీ చెప్పాను. ఆయన ప్లగ్గు ఊడదీసి ఆ కంతలో కొంచెం కిరసనాయిలు పోసి, "ఇది నాననీండి. రేపు పొద్దున ఇక్కడే, మీ అందరి ముందే విప్పుతా" అన్నారు.

మర్నాడు మా వాకిట్లో గోనెపట్టా పరిచి పనిముట్లు పేర్చుకున్నారు. నన్ను పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నారు. నాన్న చెయ్యి మెడకి కట్టించుకుని మడత కుర్చీలో కూర్చున్నారు. నిన్నటి జనమే మళ్లీ వచ్చారు. మేస్త్రి మామయ్య ట్యాంకులోంచి ఒక చుక్క పెట్రోలు తీసి పాత పేపరు మీద వేశారు. పెట్రోలు గాలికి ఆరిపోయి, జిడ్డు మరక మిగిలింది. ఆయిలు ఉన్నట్టే కదా అన్నట్టు నా వైపు చూశారు. ఆ తర్వాత సిలిండరు పైమూత, అదే హెడ్డు, విప్పి, చెక్క సుత్తితో తడుతూ పసిపిల్లని ఎత్తినట్టు సిలిండరు పైకి తీశారు. పిస్టను కింది భాగంలో నన్ను వేలు పెట్టి చూడమన్నారు. వేలంతా జిడ్డయింది. ఆయిలు చాలక పట్టేసి ఉంటే అక్కడ ఎండిపోయి, పిస్టనుని మోసే ఇనుప కడ్డీ నీలంగా కమిలి ఉండేదట.

పిస్టను చుట్టూ తిప్పి చూపించారు. నాలుగు వైపులా నాలుగు నిలువు చారలు, ఎవరో గోళ్లతో గీరినట్టు. ఆ చారల మీద ఆయన బొటనవేలు మెల్లగా నడిపారు. నాకు తెలియలేదు గానీ అప్పటికే ఆయనకి సంగతి అర్థమైపోయి ఉంటుంది. తర్వాత సంచీలోంచి సన్నటి ఉక్కు రేకుల కట్ట ఒకటి తీశారు. ఒక్కో రేకు ఒక్కో మందం. పిస్టనుని సిలిండరులో పెట్టి, చారలు లేని చోట, ఆ రెంటి మధ్య ఒక రేకు దూర్చమని నాకిచ్చారు. దూర్చాను. వెళ్లలేదు. ఇంకోచోట ప్రయత్నించాను. అక్కడా వెళ్లలేదు.

"అది వెళ్లాలమ్మా. ఇంజను వేడెక్కితే పిస్టను పొంగుతుంది. పొంగడానికి చోటుండాలి. నేను చోటు వదల్లా" అన్నారు. ఆ మాట నాతో అని, లేచి నాన్న వైపు తిరిగి అందరికీ వినపడేట్టు చెప్పారు. "బిగించేటప్పుడే నా చేతికి తెలిసిందండి. పిస్టను జారలేదు, నెట్టాల్సొచ్చింది. నడిస్తే అదే వదులవుతుందిలే అనుకున్నా. ఈ రేకు పెట్టి చూస్తే తెలిసిపోయేది. చూడలా. మీరు పడ్డది నా వల్లే."

మిల్లు ఆసామి ఉండబట్టలేక, "పిల్లే ఒప్పుకుంటుంటే మధ్యలో నువ్వెందుకయ్యా మీదేసుకుంటావ్?" అన్నాడు.

"పిల్ల ఒప్పుకుందండి. ఇంజను ఒప్పుకోవట్లేదు" అన్నారు మేస్త్రి మామయ్య.

నాన్న, తొందరపెట్టింది తనే కదా అన్నారు. మేస్త్రి మామయ్య అదీ ఒప్పుకోలేదు. తొందరపెట్టడం మీ వంతయితే, కుదరదని చెప్పడం నా వంతండి అన్నారు. తర్వాత నా దగ్గరికొచ్చి కూర్చున్నారు. ఆయన నన్ను ఓదారుస్తారనుకున్నాను. ఓదార్చలేదు. "అమ్మాయ్, ఆయిలు ఒలికితే ఒలికిందని చెప్పాలా వద్దా? చెప్పకపోవడం నీ తప్పు. రేపు ఇంకో ఇంజనుకి అదే ముప్పవుతుంది. నాన్న పడ్డది మాత్రం నా తప్పు. నీది నువ్వు తీసుకో. నాది నాకొదిలెయ్." అప్పటిదాకా బిగబట్టుకున్న ఏడుపు అప్పుడొచ్చింది. మా నాయనమ్మ, ముందు రోజు పట్టుకున్న అదే చేత్తో, నా జడ నిమిరింది.

తప్పు తనదన్న ఆ మాటకి మేస్త్రి మామయ్య నష్టపోయారని నాకు తర్వాత తెలిసింది. మిల్లు లారీలు చాలాకాలం ఆ షెడ్డు మానేసి నందిగామ పోయాయి. మా వాకిట్లో నిలబడి ఆ మాట అనే ముందే అలా జరుగుతుందని ఆయనకి తెలిసే ఉంటుంది. సిలిండరు మళ్లీ బెజవాడ తీసుకెళ్లి సరిచేయించుకొచ్చారు. ఈసారి ఆయన దగ్గర కూర్చుని రేకు దూర్చింది నేనే. అన్ని వైపులా మెత్తగా దూరింది. నాన్నకి ఇచ్చేముందు తనే బండెక్కి నందిగామ దాకా మెల్లగా వెళ్లి, మెల్లగా తిరిగొచ్చారు. నాన్న మాత్రం ఆ లోపలే, మెడకి చెయ్యి కట్టుకుని, ఎడ్ల బండి మీద పెనుగంచిప్రోలు వెళ్లి, పశువుల ఆస్పత్రి జవాను చేత టీకాలు వేయించారు. ఆయిలు కలిపే పని నా దగ్గర్నుంచి ఎవరూ తీసుకోలేదు. అందుకు మా నాన్నకి కూడా నేను రుణపడి ఉన్నాను.

పెద్దయ్యాక నేను టీచరునయ్యాను. ఒక ఏడాది పరీక్షల్లో నేను మార్కులు తప్పు కూడడం వల్ల ఒక కుర్రవాడు ఫెయిలయ్యాడు. తప్పు బడి గుమాస్తా రాతలో జరిగిందని అందరూ అనుకున్నారు. పాపం ఆయన కూడా తలవంచుకుని సరేనన్నాడు. కాగితాలు మళ్లీ తీసి చూస్తే ఆ కూడిక నాది. మర్నాడు ప్రార్థనకి పిల్లలంతా నిలబడి ఉండగా ఆ సంగతి చెప్పాను. చెప్పే ముందు వెనక్కి తిరిగి వెళ్లిపోదామా అనిపించింది. మేస్త్రి మామయ్యకి కూడా ఆ రోజు అలాగే అనిపించి ఉంటుందని అప్పుడు తట్టింది. నేను టీచరు ట్రెయినింగులో ఉండగానే ఆయన పోయారు. ఆయనకి నేనెప్పుడూ నోరు తెరిచి ఏమీ చెప్పుకోలేదు.

ఇప్పుడు నాకు డెబ్బై దాటాయి. ఎవరైనా, ముఖ్యంగా పిల్లలు, "నావల్లే" అని ముందుకొస్తే ఆ మాట పట్టుకుని అక్కడితో ఆగను. అసలేం జరిగిందో వాళ్లతో కలిసి విప్పి చూస్తాను. ఆ రోజు ఆయన ఒక్క మాట మాట్లాడకుండా ఉంటే చాలు, నాన్నని పడేసిన పిల్లగానే నేను బతుకంతా బతికేదాన్ని. అది నిజం కాదని లోకానికే కాదు, నాక్కూడా ఎప్పటికీ తెలిసేది కాదు.