బొచ్చె తల

టీవీలో ఏదో దేశం రెండుగా చీలి యుద్ధానికి దిగినప్పుడల్లా, మొదటి తూటా ఎవరు పేల్చారని వాదించుకుంటారు. మా యుద్ధం చేప తలతో మొదలైంది.

మండవల్లి దగ్గర మా ఉమ్మడి చేపల చెరువులో వలలు వేసి చేపలు తీసే పట్టుబడి రోజున, మొదటి బొచ్చె చేప తల ఇంటి పెద్దకే వడ్డించడం ఆనవాయితీ. ఏడాదంతా మేత వేసింది బాబాయి. ఆ ఏడు తల తనకు వెయ్యమన్నాడు. నాన్న నవ్వి తన కంచంలోనే వేసుకున్నాడు. వారం తిరక్కుండా బాబాయి పొక్లెయిన్ తెచ్చి, చెరువు మధ్యన గట్టు వేయించి వేరుపడ్డాడు. ఆ కోపంలో, కాలవ నీళ్లొచ్చే తూము మా వైపే ఉండిపోయిందని చూసుకోలేదు.

ఎండాకాలంలో తూము తలుపు దించేశాను. మూడోనాడు ఆయనే గట్టు మీదికి వచ్చాడు.

“ఒక్క పూట నీళ్లు వదలరా, చేపలు తేలిపోతున్నాయి.”

“విడిపోయింది మీరే కదండీ బాబాయ్ గారూ. మీ నీళ్లు మీరే తెచ్చుకోండి” అన్నాను.

సాయంత్రానికి ఆయన చెరువంతా చచ్చిన చేపలతో తెల్లబడింది.

నాన్న పోయాక మా వైపు పెద్దను నేనే. ప్రతి పట్టుబడికీ ఆ తల పులుసు గట్టు మీద కూర్చుని, ఆయనకు కనబడేలా తింటాను. చేప తలంటే నాకు చిన్నప్పటి నుంచీ వెగటు.