బ్యాకప్ పెట్టెకు ఆయుధపూజ

మెడలో కంపెనీ ట్యాగు కొత్తగా పడ్డ రోజుల్లో లోకమంతా మన సలహా కోసమే ఎదురు చూస్తోందనిపిస్తుంది. నాకైతే మరీను. మాదాపూర్‌లో ఒక టిఫిన్ సెంటర్ పైన రెండు గదుల కంపెనీ మాది. చిన్న వ్యాపారాలవాళ్ల కంప్యూటర్లలో ఉన్నదంతా ఇంకోచోట భద్రంగా దాచే బ్యాకప్ పెట్టెలు అమ్మడం, కంప్యూటర్ పాడైతే మళ్లీ ఎలా లేవాలో ముందే ఒక పథకం తయారుచేసి ఇవ్వడం మా పని. (కింద నుంచి పెసరట్టు వాసన వస్తుంటే పైన కూర్చుని విపత్తుల గురించి మాట్లాడటం ఎంత కష్టమో మీరే ఊహించుకోండి.) బందరు నుంచి వచ్చి ఇంకా ఏడాది కాలేదు గానీ, 'విపత్తు' అన్న మాటను నేను ఎంత గంభీరంగా పలికేవాణ్ణంటే మా సారే ఉలిక్కిపడేవారు.

నాకు మొదట దొరికిన బేరం బోరబండలో ఫొటో స్టూడియో నడిపే అన్న. తీసిన పెళ్లిళ్లన్నీ ఒక్క పాత కంప్యూటర్‌లో పెట్టుకుని, దేవుడి మీద భారం వేసి బతుకుతున్నాడు. మూడు రకాల పెట్టెలు తీసుకెళ్లి వాటి వేగం, సామర్థ్యం గుక్క తిప్పుకోకుండా చెప్పాను. ఆయన అదేమీ వినకుండా ఒక్కో పెట్టెనూ సంతలో కుండను చూసినట్టు వేళ్లతో తట్టి చూశాడు. "ఇండ్ల ఏది గట్టిది తమ్మీ?" అన్నాడు. రెండు డిస్కులున్న పెట్టె చూపించి, ఒకటి పోయినా రెండోదానిలో అన్నీ ఉంటాయన్నాను. "రెండూ ఒక్కపారే పోతే?" అన్నాడు. అదే కదా నాకు కావలసింది. ఇంకో కాపీ చిన్న డిస్కులో వేసుకుని రోజూ ఇంటికి పట్టుకెళ్లాలనీ, షాపుకి ఏమైనా ఇంట్లోది మిగులుతుందనీ ఉపన్యాసం ఇచ్చాను. పాపం, నమ్మాడు. ఆ రోజు నుంచి డిస్కును తువ్వాలులో చుట్టి, టిఫిన్ డబ్బా పక్కన పెట్టుకుని ఇంటికి మోసుకెళ్లేవాడు.

దసరాకి ఆయుధపూజ చేస్తున్నానని, తప్పకుండా రమ్మని పిలిచాడు. వెళ్లేసరికి చాప మీద కెమెరాలు, లైట్లు, కంప్యూటర్, బ్యాకప్ పెట్టె, అన్నీ పసుపుకుంకుమలతో కళకళలాడుతున్నాయి. వాటి పక్కనే ఇంట్లో ఉండాల్సిన డిస్కు. "దాన్ని గూడ తెచ్చిన తమ్మీ. మనకు పనిచేసే సామాను ఒక్కటి ఇడిసిపెట్టినా తప్పు గదా," అన్నాడు. అన్నీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు తగిలించి ఉన్నాయి, వాటి చిన్న చిన్న దీపాలు మిణుకుమిణుకుమంటున్నాయి. "ఆపేసి చేయొచ్చు కదన్నా?" అన్నాను. "నడవని సామానుకు మొక్కితే ఏం ఫాయిదా?" అన్నాడు. అప్పుడైనా నాకు బుర్ర వెలగాల్సింది. కానీ అప్పటికే నా మెడలో బంతిపూల దండ వేసి, 'మా ఇంజనీర్ సాబ్' అని అందరికీ చూపిస్తున్నాడు. దండ పడ్డాక బుర్ర పనిచెయ్యదు. అన్న కొబ్బరికాయ భక్తిగా, బలంగా కొట్టాడు. నీళ్లు తిన్నగా ఎక్స్‌టెన్షన్ బోర్డులోకి దూకాయి. టప్‌మన్న చప్పుడు, కాస్త పొగ, దీపాలన్నీ ఒక్కసారిగా ఆరిపోయాయి.

"అయిపాయె," అన్నాడు అన్న, మెల్లగా.

రిపేరు షాపులన్నీ తిరిగాం. అందరూ వాసన చూసి తల అడ్డంగా ఊపినవాళ్లే. ఆల్బమ్ ఇచ్చేసిన పెళ్లిళ్లతో బాధ లేదు. ఇవ్వాల్సింది ఒక్కటే మిగిలింది, కోకాపేటలో ఒక ఆఫీసులో హౌస్‌కీపింగ్ చేసే ఒక అక్క కూతురి పెళ్లి. ఆ అక్కకు నలుగురు అన్నలు. పొలం గట్టు తగాదాతో ఏళ్ల తరబడి ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. పెళ్లినాడు మన స్టూడియో అన్నే గడ్డాలు పట్టుకుని బతిమాలి నలుగుర్నీ ఒకే ఫొటోలో నిలబెట్టాడు. "పెండ్లన్న మళ్ల జేయొచ్చేమో గని, ఆ నలుగుర్ని ఒక్కతాన నిలబెట్టుడు మళ్ల నాతోని గాదు తమ్మీ," అన్నాడు. ఆల్బమ్‌కి కావలసినవి ఎంచుకోమని ఫొటోలన్నీ ఒక పెన్‌డ్రైవ్‌లో ముందే ఇచ్చాడు గానీ, అది పోయిందని ఆ అక్క చెప్పిందట. పండగ అయ్యాక ఇంకోటి ఇస్తానన్నాడట. ఇక ఇవ్వడానికి ఏముంది? నా పథకంలో ఇలాంటి రోజుకి ఒక్క ముక్కా లేదు.

లింగంపల్లిలో ఆమె కిరాయి గదికి ఇద్దరం వెళ్లాం. చాయ్ ఇచ్చింది. అన్న, నువ్వే చెప్పమన్నట్టు నా వైపు చూశాడు. నేను గొంతు సవరించుకుని, "అక్కా, ఒక విపత్తు జరిగిందండి," అన్నాను. ఆమె కంగారుగా స్టూడియో అన్నను చూసింది. "నీ బిడ్డ పెండ్లి ఫొటోలు పోయినయ్ అక్కా. మీ అన్నలది గూడ," అన్నాడు. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. నాకు తలెత్తే మొహం లేకపోయింది.

ఆమె లేచి తలుపు దగ్గరగా వేసింది. తర్వాత, "పెన్‌డ్రైవ్ పోలేదు తమ్మీ. నేనే అబద్ధమాడిన," అంది. "మా పెద్దన్న టీవీల పెట్టుకొని సూశిండు. ఏ ఫొటో పెద్దగ ఎయ్యాల్నని అడగనీకి ఆయనే రెండో అన్న ఇంటికి తీస్కపోయిండు. గట్ల తిరుగుతనే ఉంది. ఇప్పుడు చిన్నన్న ఇంట్ల ఉంది. ఎంచుడు అయిపోతే ఆల్బమ్ అయితది. ఆల్బమ్ అయితే ఆళ్లు మళ్ల దేనికి కలుస్తరు?"

ఆమెను తోడు తీసుకుని చిన్నన్న ఇంటికి వెళ్లాం. అక్కడ పెద్దన్న కూడా ఉన్నాడు. ఫొటోలో తన తలపాగా సగమే పడిందని తగువు పెట్టుకుంటున్నాడు. ఆ తగువు అంత తియ్యగా ఉంటుందని నేనెప్పుడూ అనుకోలేదు. ఫొటోలన్నీ నా ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించుకున్నాక స్టూడియో అన్న ఆ పెన్‌డ్రైవ్‌ను అక్క చేతిలోనే పెట్టి, "నిమ్మళంగ ఎంచుండ్రి, తొందరేం లేదు," అన్నాడు.

ఇప్పుడు నేను పెద్ద కంపెనీలకు పథకాలు వేస్తున్నాను. ఎన్ని గంటల్లో అంతా తిరిగి నిలబడాలో గడువు పెట్టనిదే ఎవరూ సంతకం చెయ్యరు. ఆ గడువుల గురించి గొంతు పెంచి మాట్లాడే కొత్త కుర్రాళ్లను చూస్తే అప్పటి నేనే కనిపించి నవ్వొస్తుంది, కాస్త ముద్దూ వస్తుంది. అప్పుడప్పుడు అన్నకు ఫోన్ చేసి ఆ ఆల్బమ్ ఎంతవరకు వచ్చిందని అడుగుతాను.

"ఎంచుతనే ఉన్నరు తమ్మీ. ఆ పెండ్లిపిల్ల కొడుకు గూడ ఇప్పుడు ఎంచుతుండు," అంటాడు.

"కానివ్వండి, తొందరేముంది," అంటాను.