దగ్గు లేని ముక్క

గుంటూరు యార్డుకొచ్చే మిర్చి టిక్కీ బస్తాలన్నీ తెచ్చి నా గుండె మీద పేర్చినట్టుంది, కొన్నేళ్లుగా. పెంచి చెప్పడం నా జబ్బు, ఒప్పుకుంటాను. స్టాఫ్ రూములో నేను దోమ గురించి మొదలెడితే అది ఒంగోలు గిత్తంతై కూర్చుంటుంది. ఈ బరువుని మాత్రం పెంచడం లేదు. మీకు తప్ప ఎవరికీ చెప్పలేదు కూడా.

నల్లపాడుకి కాస్త అవతల ఒక హైస్కూల్లో సోషల్ మాస్టారిని. బడికి ట్యాబులొచ్చిన ఏడాది పిల్లలకో పని పెట్టాను. ఊళ్లో పెద్దవాళ్ల జ్ఞాపకాలు రికార్డు చెయ్యాలి, ఏ మాట ఏ చోటిదో మ్యాపు మీద గుర్తు పెట్టాలి. ఎవరు మాట్లాడుతున్నారు, ఎవరి మాట వినపడటం లేదు, ఎందుకని? బోర్డు మీద తాటికాయంత అక్షరాలతో రాశాను. ఆ అక్షరాలు ఇప్పటికీ నన్నే చూస్తుంటాయి.

రూతు అని తొమ్మిదో తరగతి పిల్ల. వాళ్ల నానమ్మ మిరప కల్లంలో రంగు పోయిన తాలుకాయలు ఏరుతుంటే పక్కన కూర్చుని రికార్డు చేసుకొచ్చింది. మాటకో దగ్గు. ఆ ఘాటు ట్యాబులోంచి నా ముక్కుకెక్కిందంటే నమ్మండి. వింటూ వింటూ ఒకచోట ఆపి, వెనక్కి జరిపి మళ్లీ విన్నాను. చిన్నప్పుడు బడిలో అయ్యవారు వాళ్ల పేట పిల్లల పలకలు ముట్టుకునేవాడు కాదట. కింద పెట్టమని, చూసి, బెత్తంతో అవతలికి తోసేవాడట. అందుకే బడి మానేశానంది. ఆ అయ్యవారి పేరు కూడా చెప్పింది.

ఆయన మా నాన్న.

వార్షికోత్సవంలో ఆ రికార్డింగు వినిపించాలి. అదే వేదిక మీద, రిటైరైన హెడ్మాస్టారుగా మా నాన్నకి శాలువా. పిల్లల చేత నిజం వెతికించినవాణ్ని, నేనేం చేశాను? వేలితో ఆ ముక్కని అటూ ఇటూ పట్టుకుని, గోరు తీసుకున్నంత తేలిగ్గా కత్తిరించేశాను.

ఆ రోజు చప్పట్లకి పైకప్పు లేచి తుళ్లూరులో పడిందనుకోండి. మా నాన్న కూడా కొట్టాడు. తర్వాత రూతు వచ్చింది.

"సార్, నానమ్మ పలక మాట లేదండి."

"అక్కడ దగ్గు ఎక్కువైందమ్మా. మాట వినపడలేదు, తీసేశాను."

"నాకు వినపడింది సార్."

"మైకులో వినపడదులే."

తలూపి వెళ్లిపోయింది. వెళ్లి వాళ్ల నానమ్మకి అదే చెప్పింది.

అసలు రికార్డింగుని ట్యాబులోంచి తీసేసి నా ఫోనులో దాచాను. చెరిపెయ్యడానికి చెయ్యి రాలేదు. ఇవ్వడానికీ రాలేదు.

మా నాన్న పోయాడు. తర్వాత ఆ నానమ్మా పోయింది. ఇంకెవరికి భయపడాలి? మొన్న రూతు ఫోన్ చేసింది. ఇప్పుడు తనూ ఒంగోలు దగ్గర టీచరే. ఒక మనిషి మాటని ఎలా వినాలో తన పిల్లలకి నేర్పడానికి, ఆ రోజు వేదిక మీద వినిపించిన నానమ్మ గొంతే వినిపిస్తుందట. అసలుది ఉంటే ఇవ్వమంది, సోమవారం వస్తానంది. ఫోను పెట్టేసే ముందు ఒక మాటంది.

"నానమ్మ పోయేదాకా బాధపడిందండి సార్, నా పాడు దగ్గు వల్లే ఆ మాట పోయిందని."

అప్పట్నుంచి గేటు చప్పుడైతే చాలు, ఉలిక్కిపడుతున్నాను. నా భయం మా నాన్న పరువు కోసమా? నా కోసమా? రూతు నన్ను తిడితే ఫర్వాలేదు. ఆ రోజులాగే తలూపి వెళ్లిపోతే?

క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీ చేతిలో లేదు. చెప్పాక మాత్రం కాస్త ఊపిరాడుతోంది.

నిన్న తలుపేసుకుని ఆ ముక్క మళ్లీ విన్నాను. కల్లంలో గాలి. ఎండు కాయల గలగల. పలక గురించి చెప్పింది, బెత్తం గురించి చెప్పింది, మా నాన్న పేరు చెప్పింది. మొదట్నుంచి చివరిదాకా ఒక్క దగ్గు లేదు.