రెండు వైపులా వినే మైకు

మొన్న ఆదివారం నల్లగండ్లలో మా అపార్ట్‌మెంట్ మొత్తానికీ నా తెలివి ఏపాటిదో తెలిసిపోయింది. ఎలాగో చెప్తాను, టీ తాగుతూ వినండి.

చందానగర్‌లో ఉండే మా మేనత్త ఒకప్పుడు పెళ్ళి కచేరీల్లో పాడేది. ఆమే, మావయ్యా ఎదురెదురుగా నిలబడితే మధ్యలో ఒకటే మైకు, బరువైన పాతకాలపు రిబ్బన్ మైకు. చిన్నప్పుడు స్టేజీ ముందు చాప మీద కూర్చుని ఎన్నిసార్లు విన్నానో! మావయ్య పోయాక ఆ మైకు ఆయన తువ్వాలలో చుట్టి బీరువాలోకి చేరింది. అత్త పాట కూడా ఆగిపోయింది. ఇన్నేళ్ళకి మా క్లబ్‌హౌస్ ఫంక్షన్‌లో ఒక్క పాట పాడడానికి ఒప్పుకుంది, అదీ ఆ మైకులో అయితేనే.

ఇక నా హడావుడి చూడాలి. హైటెక్ సిటీలో నాది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం కదా, వారమంతా వీడియోలు చూసి ఆ మైకుని తెగ టెస్ట్ చేశాను. లోపల ఉండేది సిగరెట్ పెట్టెలో వెండికాగితం కన్నా పల్చటి రేకు, గట్టిగా ఊదితే చిరిగిపోతుందట. అలవాటుకొద్దీ మైకులోకి ఊదబోయిన అపార్ట్‌మెంట్ సెక్రటరీ గారిని చెయ్యి పట్టి లాగేశాను.

అత్త మొదలుపెట్టింది. ఆ పాత మెత్తటి సౌండ్ వినగానే నాకు కళ్ళు చెమర్చాయి. కానీ రెండో చరణంలో పైకి వెళ్ళేసరికి ఆమె గొంతు వణికింది. స్టాండు ఊగకుండా పట్టుకుని నేను మైకు వెనక నిలబడి ఉన్నాను. పక్కనున్న మా ఆవిడతో మెల్లిగా అన్నాను, "అత్త గొంతు అయిపోయింది పాపం. ఇక్కడితో ఆపేస్తే బాగుండు."

అది స్పీకర్లలో మోగింది. ఎంత క్లియర్‌గా అంటే, నా జాలి కూడా వినిపించింది. ఆ మైకు ముందు నుంచి ఎంత వింటుందో వెనక నుంచీ అంతే వింటుంది. అత్తా మావయ్యా చెరో వైపు నిలబడి పాడడం కళ్ళారా చూసినవాణ్ణే, ఆ ముక్క నా బుర్రకి తట్టలేదు.

అత్త ఆపేసింది. ఇక జన్మలో పాడదు, అదీ నా వల్లే అనుకున్నాను.

ఆమె మైకు మీదుగా నన్నే చూసింది. "ఏందిరా, మీ మామ నిలవడే జాగల నిలవడి ముచ్చట్లు పెడ్తున్నవ్? ఆడ నిలవడ్డోడు పాడాలె. మామ చరణం నువ్వందుకో" అంది.

తప్పించుకునే దారి లేదు, పాడాను. మా ఆవిడ ఫోన్ వచ్చినట్టు బయటికి వెళ్ళిపోయింది. నా చరణం అయ్యాక అత్త అందుకుని చివరిదాకా పాడింది. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఆమె గొంతు మీద ఇక ఒక్కరికీ అనుమానం లేదు. నా పాట విన్న చెవులకి ఎవరి గొంతైనా అమృతమే మరి!