గాసి తోటలో తుపాకీ లేని వేసవి

శ్రీ పాంగి గాసి, వయస్సు అరవై రెండు సంవత్సరాలు, హుకుంపేట మండలంలోని ఒక కొండ గూడెంలో కాపురం. ఈ వివరాలు రాస్తున్న వ్యక్తికి ఇరవై ఏళ్లకు పైగా పరిచితుడు. భార్య సోములమ్మ, ఒక అనాసతోట, తోట అంచున కొన్ని పనస చెట్లు, పంట రక్షణ నిమిత్తం లైసెన్సు పొందిన ఒక నాటు తుపాకీ ఆయన సంపద. తుపాకీని వరుసలో చివర రాసినందుకు ఒకప్పుడైతే ఆయన నొచ్చుకుని ఉండేవాడు.

ఆ తుపాకీ తండ్రి నాటిది. గొట్టంలో మందు పోసి, పీచు కూరి, గుళ్లు వేసి, ఇనుప కడ్డీతో దట్టించాలి. ఈలోగా ఎలుగుబంటి తన పని ముగించుకుని వెళ్లిపోగలదని గాసికి తెలుసు. అందువల్ల ఇంటి వద్దనే దట్టించుకుని బయలుదేరేవాడు. తుపాకీ భుజాన ఉన్నంతసేపూ మాట లేదు, పాట లేదు. ఎండుటాకు మీద కాలు పడనీయడు. దగ్గు వస్తే మింగేస్తాడు. ఎదురుపడిన చుట్టాలను సైతం కనుబొమ్మలతోనే పలకరించేవాడు.

గూడెంలోని ఆడవాళ్లు నీళ్లకు వెళ్లే ఊట దారి పూర్వం ఆ తోట మధ్యగానే ఉండేది. మూడేళ్ల కిందట, మంచు దట్టంగా కమ్మిన ఒక ఉదయం, పొద కదిలిందని గాసి పేల్చాడు. పొద వెనుక రాతి మీద, ఆయనకు వరసకు కోడలయ్యే కృపావతి దించిన అల్యూమినియం బిందె జల్లెడ అయింది. ఆమె కాస్త ఎడంగా కూర్చుని కాలిలో ముల్లు తీసుకుంటూ ఉండడం వల్ల ప్రాణాపాయం తప్పింది. గాసి కొత్త బిందె కొనిచ్చాడు, అందరి ఎదుటా తప్పు ఒప్పుకున్నాడు. కృపావతి పెద్ద మనసుతో క్షమించింది గానీ దారి మాత్రం మార్చుకుంది. ఆమె వెంట మిగిలిన ఆడవాళ్లు కూడా గెడ్డ (కొండవాగు) చుట్టూ తిరిగి వెళ్లసాగారు. తోటలో అలికిడి తగ్గింది, ఎలుగు రాకపోకలు పెరిగాయి. తుపాకీ ఉండబట్టే నష్టం ఇంతటితో ఆగుతోందని గాసి గట్టిగా నమ్మేవాడు.

2024 వేసవిలో ఎన్నికలు వచ్చాయి. లైసెన్సు ఆయుధాలను పోలీసు స్టేషనులో జమ చేయాలన్నారు. గాసి తన తుపాకీని దుప్పటిలో చుట్టి, పసిబిడ్డను పట్టుకున్నట్లు జీపులో ఒళ్లో పెట్టుకుని తీసుకువెళ్లి ఇచ్చి వచ్చాడు. అవి సరిగ్గా పనస మాగే రోజులు. కిందటి ఏడాది ఎలుగు తోట సగం తొక్కేసింది. ఈ ఏడాది కూడా పోతే సంతకు మోసుకెళ్లడానికి కాయ మిగలదు. కాయ సంగతి అలా ఉండగా, ఖాళీ భుజంతో తోటలో అడుగుపెట్టలేక ఆయన గుమ్మం దాటడం లేదు.

"ఏటి, ఇంకా గుమ్మంలోనే ఉన్నావు? ఎలుగు తినీసి సెయ్యి కడుక్కున్నాక ఎల్తావేటి?" అని అడిగింది సోములమ్మ.

"ఒట్టి సేతుల్తో ఎలాగెల్లమంటావే?"

"నేను ఇన్నేళ్లు కట్టెలకి అడివికెల్లాను. నా బుజాన తుపాకీ ఎప్పుడైనా సూసినావేటి?"

"నిన్ను సూస్తే ఎలుగే పారిపోద్ది."

"మరింకేటి! ఆ లైసెన్సు నా పేరున రాయించీ."

అంతటితో ఆగకుండా ఆమె కృపావతి ఇంటికి వెళ్లి, తుపాకీ స్టేషనులో ఉందనీ ఇక పాత దారినే రావచ్చుననీ చెప్పి వచ్చింది.

మరునాటి ఉదయం గాసి ధైర్యం తెచ్చుకుని తోటకు వెళ్లాడు. అలవాటు చొప్పున చప్పుడు లేకుండా నడిచాడు. పెద్ద పనస చెట్టు చుట్టి అవతలికి తిరిగేసరికి, రాలిన పండులో మూతి పెట్టిన ఎలుగు ఎదురుగా ఉంది. అదీ ఆయన రాకను గమనించలేదు. ఉలిక్కిపడి తల ఎత్తింది. గాసి చెయ్యి భుజం మీదికి వెళ్లింది. అక్కడ తువ్వాలు తప్ప మరేమీ లేదు. దాన్నే రెండు చేతులా పట్టుకుని బిగుసుకుపోయాడు.

అదే సమయంలో దిగువ నుంచి బిందెల మోత, నవ్వులు, వాటన్నిటినీ మించి కృపావతి పాడుతున్న చర్చి పాట వినిపించాయి. ఎలుగు ఒక క్షణం చెవి ఒగ్గింది. ఒకసారి గుర్రుమని, పండును వదిలి కొండ పైకి దారి పట్టింది.

ఆడవాళ్లు వచ్చి చూసేసరికి గాసి తువ్వాలును ముందుకు చాచి అలాగే నిలబడి ఉన్నాడు.

"మావా, పేల్చీకు! ఈ బిందె కూడా కొత్తదే!" అంది కృపావతి.

"నవ్వండే, నవ్వండి. ఎలుగు ఇప్పుడే అటు ఎల్లింది."

"ఎల్లదా మరి? మా గోల అర కోసు దూరం ఇనిపిత్తాది. నువ్వు దొంగలాగ నడుత్తావు. నువ్వొచ్చినట్టు దానికి తెలీదు, అదున్నట్టు నీకు తెలీదు. ఇద్దరూ ఒకల్ని సూసి ఒకలు జడుసుకోడవే!"

గాసి నవ్వలేదు గానీ ఆ మాటను మనసులో పెట్టుకున్నాడు. ఆనాటి నుంచి మాట్లాడుతూ నడవసాగాడు. తోడు లేనప్పుడు సోములమ్మ మీద ఫిర్యాదులన్నీ చెట్లకు వినిపించేవాడు. వాటికి కొదవ లేదు. ఉదయమూ సాయంత్రమూ ఆడవాళ్ల గుంపు సందడిగా వచ్చి పోయేది. ఎలుగు పూర్తిగా మానేసిందని రాస్తే అబద్ధమవుతుంది. చివరి చెట్టు పళ్లన్నీ అదే తిన్నది. కానీ అనాస సంతకు చేరింది, గాసి ఒంటి మీద గీత పడలేదు.

ఫలితాలు వెలువడ్డాయి. తుపాకీ తీసుకువెళ్లవచ్చునని స్టేషను నుంచి కబురు వచ్చింది. గాసి ఉతికిన చొక్కా తొడుక్కుని బయలుదేరబోయి, అరుగు మీద కూలబడ్డాడు. పొరుగున ఉండే రవిబాబు ఊరుకోలేదు.

"ఏటి బావా, తండ్రి తుపాకీ వదిలీస్తావా? ఇటుకల పండక్కి ఏటి పట్టుకుని ముందు నడుత్తావు?"

ఆ మాట గాసికి తగిలింది. చైత్రమాసంలో ఆ పండుగకు వేటకు బయలుదేరే గుంపు ముందు తుపాకీతో నడిచే గౌరవం ఆయన తండ్రిది, తరువాత ఆయనది.

అప్పుడే కృపావతి ఖాళీ బిందెతో వచ్చి అరుగు ముందు ఆగింది. ఆమె గొంతులో ఎగతాళి లేదు.

"మావా, తుపాకీ తెచ్చుకుంటన్నావంట. రేపట్నుంచి మేవు మళ్లీ గెడ్డ సుట్టూ ఎల్లాలా?"

గాసి ఆమె బిందె వైపు చూశాడు, రవిబాబు వైపు చూశాడు.

"ఒద్దు కోడలా. మన దారినే ఎల్లండి. పండక్కి ఇల్లూ బాణాలూ పట్టుకుంటానులే. మా తాత పట్టుకున్నదదే."

ఆ చొక్కాతోనే ఆయన పాడేరు వచ్చి ఈ వినతిని రాయించుకున్నాడు.

కావున, పైన పేర్కొన్న శ్రీ పాంగి గాసి తరఫున సంబంధిత అధికారులకు సవినయంగా విన్నవించడమేమనగా: ఆయన ఏ ఒత్తిడీ లేకుండా, స్వబుద్ధితో, స్టేషనులో జమ అయి ఉన్న సదరు నాటు తుపాకీని ప్రభుత్వానికి శాశ్వతంగా ఒప్పగిస్తున్నాడు. ఈ విషయమై విచారణకు విచ్చేసే సిబ్బంది ఊట దారిన బిగ్గరగా మాట్లాడుకుంటూ రావలసిందని మనవి. విచారణ అనంతరం లైసెన్సును రద్దు చేసి, ఆ తుపాకీని ఇకమీదట ఆయనకు గానీ, ఆయన వారసులమని వచ్చే మరెవరికి గానీ తిరిగి ఇవ్వకుండా ఉత్తర్వులు దయచేయవలసిందిగా ప్రార్థన.